పదకొండు బండ్లు, ఇరవై రెండు గీతలు

నా చిన్నప్పుడు మా ఇంటి అరుగు దిగి, నడిరోడ్డు దాటి, ఎదురింటి అరుగు ఎక్కడానికి నాకు ముప్ఫై ఆరు అడుగులు పట్టేవి. ఈ లెక్క నాకెవరూ నేర్పలేదు. నన్ను బడికి పంపింది రెండేళ్ళే. అంకెలు మాత్రం బడికంటే ముందే వచ్చాయి, బడి మాన్పించాక కూడా నన్ను వదల్లేదు. గోడ మీది బల్లులు, కొట్లోని మిరపకాయల బస్తాలు, మెయిలు బండి కూత వినబడ్డాక మొదటి జట్కా మా వీధిలోకి వచ్చేలోపు పలకగలిగే అంకెలు, ఏది దొరికితే అది లెక్కపెట్టేదాన్ని.

అవి యుద్ధం జరుగుతున్న రోజులు. మాది బజారు వీధి. ఒక కొసన రైలు స్టేషను, ఇంకో కొసన సంత మైదానం. మా నాన్నది పప్పులూ బెల్లమూ అమ్మే కొట్టు. ఎదురు కొట్టు వాళ్ళు తెలగపిండి, తవుడు, పగ్గాలు, ఇరుసుకు రాసే కందెన అమ్మేవారు. అంటే ఎడ్లకీ బండికీ కావలసినవన్నీ అక్కడే. నెల్లిమర్ల మిల్లులో గోగునార దించి వెనక్కి పోయే బండ్లన్నీ అక్కడ ఆగక తప్పదు. ఎడ్లను విప్పి, కాడి కింద కర్ర పోటు పెట్టి, బండివాళ్ళు తమ పనుల మీద పోయేవారు. దీపస్తంభం నుంచి కంసాలి అంగడి దాకా పక్కపక్కనే పదకొండు బండ్లు నిలబడేవి. పన్నెండోదానికి చోటుండేది కాదు. మా వైపు మూడు, సంత రోజున నాలుగు. పొద్దున్నే అరుగు మీద నిలబడి ఆ లెక్క చూసుకోవడం, కడుపు మండించుకోవడం నాకు అలవాటైపోయింది.

నిజానికి నా కడుపుమంట బండ్ల మీద కాదు. ఆ ఇంట్లో నా ఈడు పిల్ల ఒకతె ఉండేది. బండివాళ్ళు దానికి ముంజెలు తెచ్చేవారు, ఈతపళ్ళు తెచ్చేవారు, కాడి మీద కూర్చోబెట్టి ఊపేవారు. అది తినేదాంట్లో నాకూ సగం పెట్టేది. అలా పెట్టడం నాకు ఇంకా మంటగా ఉండేది. అన్నిటినీ మించింది మా మేనత్త సంగతి. మా నాన్నకు అక్క. భర్త పోయాక మా ఇంటికే వచ్చేసింది. మా అమ్మ చంటిపిల్లలతో సతమతమవుతుంటే నన్ను పెంచింది అత్తే. ఆ అత్త రోజూ మధ్యాహ్నం రోడ్డు దాటి వెళ్ళి, ఎదురింటి పిల్లకు నూనె రాసి, తల దువ్వి, జడ వేసి వచ్చేది.

మా అరుగు మీద రాతి పలకల మధ్య అతుకులు గీతల్లా ఉండేవి. అత్త వెళ్ళేటప్పుడు అరుగు స్తంభం నీడ రెండో గీత దగ్గర ఉంటే, తిరిగి వచ్చేసరికి ఐదో గీత దాటేది. నా తల దువ్వడానికి ఒక గీత కూడా పట్టేది కాదు. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాను. అత్త నవ్వలేదు, కసరలేదు. "దానికి అమ్మ లేదే. నీకు అమ్మ ఉన్నాది, నానున్నాను. ఇంకేటి కావాలి నీకు?" అంది. నాకు ఇద్దరు, దానికి సున్న. లెక్క సరిగ్గానే ఉంది. అయినా నాకు నచ్చలేదు.

అత్తకు చిన్నప్పుడే తుంటి విరిగి ఎడమ కాలు పొట్టి అయింది. ఏదో ఒకటి పట్టుకుంటే తప్ప నడక సాగేది కాదు. రోడ్డు దాటడానికి మాత్రం ఆమెకు ఇబ్బంది ఉండేది కాదు. మా వైపు బండి పట్టుకుని కాడి కొస దాకా వెళ్ళేది. అక్కడ ఆగి రెండు వైపులా చూసేది. అవతలి బండి కాడి చేతికి అందడానికి నడుమ నా అడుగుల్లో పధ్నాలుగే. రెండు వైపులా బండ్లుంటే జట్కా గుర్రానికి పరుగెత్తే వీలు లేదు. అది తల ఊపుకుంటూ నడిచి పోవలసిందే. ఇదంతా నేను రోజూ చూశాను. చూశాను గానీ లెక్కలోకి తీసుకోలేదు.

ఒకరోజు మునిసిపల్ జవాను వచ్చాడు. బండ్ల మూలంగా బజారులో దారి ఇరుకైపోతోందని ఎవరో అర్జీ పెట్టుకున్నారట. ఎవరి వైపు ఎన్ని ఆగుతున్నాయో చెప్పమని ఓవర్సీరు అడిగాడట. "నాకు ఇరవై దాటితే కళ్ళు తిరుగుతాయి. నువ్వు నెక్కల గుంటవి కదా, మూడు రోజులు గీతలెట్టు తల్లీ, సాయంత్రం వచ్చి సూసుకుంటాను" అని నాకు ఉద్యోగం ఇచ్చేసి, కాఫీ హోటలు బల్ల మీద కూర్చున్నాడు.

మా వీధి తలుపు వెనక గోడ మీద బొగ్గుతో గీతలు మొదలుపెట్టాను. పొద్దున్న వచ్చిన బండికల్లా ఒక గీత. వాళ్ళవి ఒక వరసలో పదకొండు, మావి ఇంకో వరసలో మూడు. అప్పటిదాకా నా చేతిలో తప్పు లేదు. మధ్యాహ్నం అత్త బయలుదేరింది. కొంగున ఏదో మూటకట్టుకుని వెళుతుంటే చూశాను. కనకాంబరాలు. మా పెరట్లోవి. ఆ మొక్కకు నీళ్ళు పోసింది నేను, పురుగు ఏరింది నేను, ఆ ఉదయం మొగ్గలు లెక్కపెట్టి నలభై ఒకటి అని అత్తకు చెప్పింది కూడా నేనే. కాసేపటికి ఆ నలభై ఒకటీ ఆ పిల్ల జడలో కనబడ్డాయి.

సాయంత్రం బండ్లు ఒక్కొక్కటే కదిలాయి. ఎదురింటి ముందు నుంచి వెళ్ళిన ప్రతి బండికీ ఇంకో గీత గీశాను. వచ్చిందానికి ఒకటి, వెళ్ళిందానికి ఒకటి. అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. వచ్చిన మాట నిజం, వెళ్ళిన మాట నిజం. మా మూడు బండ్లు వెళ్ళినప్పుడు మాత్రం బొగ్గు కింద పెట్టేసి చేతులు కడుక్కున్నాను.

జవాను వచ్చి నన్ను చదవమన్నాడు. ఇరవై రెండు అన్నాను. "ఓలమ్మ, ఒక్క పక్కనే?" అని బుగ్గ నొక్కుకుని వెళ్ళిపోయాడు. మిగతా రెండు రోజులూ అలాగే, ఏ రోజువి ఆ రోజుకు విడిగా గీశాను.

వారం తిరక్కముందే టముకు వేశారు. రేపటి నుంచి బజారు వీధిలో ఏ బండీ ఆగకూడదు, అన్నీ సంత మైదానానికి పోవాలి అని. నేను కోరుకున్నది ఎదురింటి బండ్లు పోవాలని. టముకు వాడు మా మూడు బండ్లనూ కలిపేశాడు. అయినా మర్నాడు ఎదురుగా ఖాళీ నేల చూసి, పదకొండులోంచి పదకొండు పోతే ఎంత అని లోపల్లోపల మురిసిపోయాను.

ఆ మురిపెం మెయిలు బండి కూత దాకానే. రోడ్డు నున్నగా, వెడల్పుగా కనబడేసరికి జట్కాలు పందెం వేసుకుని వచ్చాయి. వాటి వెనక మిలిటరీ లారీ ఒకటి అంతకంటే జోరుగా పోయింది. మధ్యాహ్నం అత్త అరుగు దిగింది. పట్టుకోవడానికి బండి లేదు. నాలుగు అడుగులు వేసింది, జట్కా గంట విని వెనక్కి వచ్చింది. మళ్ళీ దిగింది, మళ్ళీ వచ్చింది. నా అడుగులు ముప్ఫై ఆరంటే అత్త కుంటి నడకకు యాభై. ఆ యాభైలో ఎక్కడా చెయ్యి ఆనించుకునే చోటు లేదు. అరుగు మీద కూలబడి, "రేపు ఎల్తాన్లే" అంది.

రేపు కూడా వెళ్ళలేదు, ఎల్లుండీ వెళ్ళలేదు. నాలుగు మధ్యాహ్నాలు, స్తంభం నీడ రెండేసి గీతలు దాటేదాకా నా తలే దువ్వింది. నాకు కావలసింది అదే. అయితే దువ్వుతున్నంతసేపూ అత్త చూపు రోడ్డు అవతలే. అక్కడ ఆ పిల్ల నూనెగిన్నె పక్కన పెట్టుకుని, జుట్టు విరబోసుకుని కూర్చుని ఉండేది.

అయిదో రోజున అది ఇక ఆగలేక గిన్నె పట్టుకుని దిగింది. "రాకే, ఉండవే" అని అత్త కేకపెట్టింది. అప్పటికే అది పరుగు మొదలుపెట్టేసింది. స్టేషను వైపు నుంచి వస్తున్న జట్కావాడు కళ్ళెం లాగాడు, గుర్రం పక్కకు తిరిగింది గానీ చక్రం ఇరుసు పిల్ల కుడి మోచేతికి తగిలింది. నూనె రోడ్డంతా పారింది. అది ఏడవలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, గిన్నె ఎటు దొర్లిపోయిందా అని చూసింది.

మోచెయ్యి విరిగింది. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. ఆ సాయంత్రం అత్త తలుపు వెనకున్న చీపురు కోసం వెళ్ళి ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే గోడ ముందు నిలబడి ఒక్కో గీత మీదా వేలు పెడుతోంది. అత్తకు చదువు రాదు. లెక్క వచ్చు.

"ఒలే, ఆ పక్కన పదకొండుకి మించి పట్టవు కదే. ఇరవై రెండెలా అయ్యాయి?"

వచ్చిందానికి ఒకటి, వెళ్ళిందానికి ఒకటి అని చెప్పాను.

"మరి మనవి రాలేదా, ఎల్లలేదా?"

అంతే అడిగింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే మా కొట్టు కలాసీని పిలిచి రుబ్బురోలు బయటికి దొర్లించమంది. అరుగుకు పది అడుగుల దూరంలో, రోడ్డు మీదే, పెట్టించింది. పీట వేసుకుని మినప్పప్పు రుబ్బడం మొదలుపెట్టింది. మా నాన్న తలపట్టుకున్నాడు. కొంచెంసేపటికి ఎదురింటి ముసలాయన, ఆ పిల్ల తాత, సంగతి గ్రహించి, వాళ్ళ కుడితి తొట్టిని ఇంకాస్త ముందుకు, తన వైపు పెట్టించాడు. ఇక వచ్చిన బండి రోలును తప్పించుకోవడానికి అటు వంగాలి, తొట్టిని తప్పించుకోవడానికి ఇటు వంగాలి. పరుగు కుదరదు.

మొదట వచ్చిన జట్కావాడు దిగి నిలబడ్డాడు. "ఏటమ్మా, రోడ్డు మీద రుబ్బుతున్నావు? ఇంట్లో సోటు లేదేటి?"

"ఉన్నాది నాయనా. నీ గుర్రం నడక మర్సిపోనాది, గుర్తుసేద్దామని ఇక్కడ కూకున్నాను."

అరుగుల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. వాడు కూడా నవ్వి, కళ్ళెం పట్టుకుని గుర్రాన్ని నడిపించుకుపోయాడు. రెండో రోజుకు జవాను వచ్చి రోలు తియ్యమన్నాడు. అత్త రుబ్బడం ఆపలేదు. "తీస్తాను. ముందు మా గుంట ఒక నెక్క సెప్తాది. నీకు కాదు, ఓవర్సీరు బాబుకి" అంది. ఆ మాట నా మీదకు వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఓవర్సీరు గొడుగు వేసుకుని నడిచి వచ్చాడు. వీధి వీధంతా పోగైంది. ఎదురింటి పిల్ల మెడకు గుడ్డ కట్టి చెయ్యి వేలాడేసుకుని మొదటి వరసలో నిలబడింది. పదకొండు బండ్లేనని, ప్రతి బండికీ రెండేసి గీతలు గీశానని చెప్పాను. ఎందుకు గీశావని అడిగాడు. "మా అత్త దానికి జడేస్తాదని" అన్నాను.

వీధంతా గొల్లుమంది. అత్త నవ్వలేదు. ఆ పిల్లా నవ్వలేదు, నన్నే చూస్తూ నిలబడింది. ఆ చూపు కంటే నవ్వులే నయమనిపించింది.

ఓవర్సీరు గొడుగు ముడిచి రోలు దగ్గర నుంచి తొట్టి దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు. బండ్లు ఏ వేళకు వచ్చి ఏ వేళకు పోయేవని నన్నే మళ్ళీ అడిగాడు. అది కూడా నాకు తెలుసు. పదకొండులో ఆరు బండ్లకు సరుకు ఎత్తుకునే పని గంటలో అయిపోయేది, తక్కిన పొద్దంతా ఊరికే పడి ఉండేవి. చివరికి ఏం నిర్ణయించారంటే, రోలున్న చోట మా వైపు మూడు, తొట్టి ఉన్న చోట వాళ్ళ వైపు అయిదు బండ్లు ఆగవచ్చు. సరుకు ఎత్తుకోగానే కదిలి మైదానానికి పోవాలి, వెనక వచ్చిన బండికి చోటివ్వాలి. మా రోలు ఇంట్లోకి వచ్చింది. జట్కాలు మళ్ళీ నడకకు దిగాయి.

ఆ మధ్యాహ్నం అత్త బండి పట్టుకుని కాడి కొసకు వెళ్ళి, నా వైపు చెయ్యి చాచింది. ఇద్దరం దాటాము. ఆ పిల్ల ఒంటిచేత్తో ముంజికాయ ఒకటి నా ముందుకు తోసి, "ఇది ఒకటే. రెండని రాసుకోకు" అంది. అత్త దానికి జడ వేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. అసూయ పోయిందని చెబితే అది కూడా దొంగలెక్కే అవుతుంది. పోలేదు. అత్త వేళ్ళు ఎన్నిసార్లు పాయలు తీశాయో లెక్కపెడుతూనే ఉన్నాను. బొగ్గు మాత్రం చేతిలో లేదు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఇంటి స్థలాల కొలతలకీ, అన్నదమ్ముల పంపకాలకీ, పెళ్ళి భోజనాల అంచనాలకీ మా వీధివాళ్ళు నా దగ్గరికే వస్తారు. నా లెక్క తప్పదని వాళ్ళ నమ్మకం. నాకు అంత నమ్మకం లేదు. వచ్చినవాళ్ళ గురించి ముందు ఒక్క నిమిషం ఆలోచిస్తాను. వాళ్ళ ఇల్లు చూసో, వాళ్ళ పిల్లల్ని చూసో నా కడుపులో ఏ కొంచెం మంట కదిలినా, ఆ రోజు వాళ్ళ లెక్క ముట్టుకోను. రేపు రమ్మంటాను. కారణం చెప్పను.