పట్టపగలు కందిలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో కందిలి వెలగాలంటే మా నాయనమ్మ ఒప్పుకోవాలె. పొద్దు పూర్తిగ గూకి, ఎదురుగ కూసున్న మనిషి ముఖం ఆనకపోతేనే అగ్గిపుల్ల గీసేది. గ్యాసునూనె దొరకని కాలం. సీసా అడుగున వేలెడు నూనె ఉంటే దాన్ని పది దినాలు ఈడ్చేది. అటువంటి మనిషి ఏడాదికి ఒక్క దినం, ఎండ నెత్తి మీద కొడుతుంటే, కందిలి వెలిగించి తెమ్మనేది. అది పాతర తీసే దినం.

పాతర అంటే ఈ కాలం పిల్లలకు తెలువది. జొన్నలు దాచే గుంత అది. మూతి మనిషి దూరేటంత, కడుపు మాత్రం పెద్దది, లోతు ఇద్దరు మనుషులంత. లోపల చుట్టూ చొప్ప పేర్చి, గింజలు పోసి, మూతికి బండ పెట్టి మట్టితో మెత్తుతరు. ఆరు నెలలకో ఏడాదికో తీస్తరు. అన్నాళ్లు మూసిపెట్టిన గుంతలో గాలి చెడిపోతది. దానికి రంగు లేదు, వాసన తెలువది. దిగిన మనిషి నిలుచున్న కాడనే కూలుతడు. అందుకే ముందు కందిలిని తాడు కట్టి దించాలె. దీపం నిలిస్తే దిగొచ్చు, ఆరితే దిగొద్దు. ఆ దీపం దించే పని మా నాయనమ్మది.

ఆ కందిలి సంగతి ఒకటి నేను యాభై ఏండ్లకు పైగ ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నాయనకు చెప్పలేదు, కడుపున పుట్టినోళ్లకు చెప్పలేదు. చివరికి ఒక పరాయి పిల్లకు చెప్పిన.

శంషాబాద్‌కు విమానాలు దిగుడు మొదలైనంక మా దిక్కు చేన్లు పోయి రోడ్లు వచ్చినయ్, హోటళ్లు వచ్చినయ్. వాటి నడుమ ఒక శిక్షణ కేంద్రం కూడ వచ్చింది. వరద వచ్చినా, ఇల్లు కూలినా, మంట లేచినా మనుషులను ఎట్ల కాపాడాలె అని అక్కడ నౌకరీ చేసేటోళ్లకు నేర్పుతరు. పోలీసులు, మంటలార్పేటోళ్లు, దవాఖాన నర్సులు, మునిసిపాలిటీ ఇంజనీర్లు, కాటేదాన్ కార్ఖానాల సూపర్‌వైజర్లు, అందరూ వస్తరు. ఇంట్ల కూసుంటే కాళ్లు పట్టేస్తయని నేను అక్కడ వంటింట్లో పనికి కుదిరిన. కూరగాయలు తరుగుడు, బియ్యం ఏరుడు నా పని. పల్లెంల అన్నం విడిచిపెట్టేటోళ్లను కసురుకునుడు నా అంతట నేను పెట్టుకున్న పని.

నేర్పే పెద్దసారు మంటలార్పే నౌకరీ చేసి రిటైరైన మనిషి. ఆయన నవ్వడు. నేనూ నవ్వ. అందుకే మా ఇద్దరికి పొసిగింది. దెబ్బలు తగిలిన మనుషుల లెక్క బొమ్మలు కొనాలె, మస్తు దూరం నుంచి రావాలె అంటే నేనే వద్దన్న. ఖాళీ బియ్యం సంచుల్లో ఇసుక, పొట్టు నింపి, పాత అంగీలు తొడిగి ఆరు బొమ్మలు కుట్టిచ్చిన. నిజం చెప్పాలంటే, ఆ పెద్ద పెద్ద ఆఫీసర్లు సీటీ ఊదంగనే నా సంచి బొమ్మల వెనక ఉరుకుతుంటే నాకు పిల్లలాట లెక్కనే కనిపించేది. ఒక ఎండకాలం దాక.

ఆ దినం పొద్దుగాల కేంద్రం వెనక, ఎన్నడో కట్టి విడిచిపెట్టిన నీళ్ల సంపులో నా బొమ్మను ఒకదాన్ని పండబెట్టిన్రు. కడగడానికి దిగిన కూలిమనిషి లోపల పడిపోయిండు, బయటికి తియ్యాలె. అదీ పరీక్ష. పక్కన బల్ల మీద తాడు, గాలి కొట్టే పంకా, చెడు గాలిని పట్టే చిన్న మిషను పెట్టి ఉన్నయ్. నేను వెనక అరుగు మీద కూసుని ఉల్లిగడ్డలు కోస్తున్న.

సారు సీటీ ఊదిండు. అందరికంటె ముందు ఒక ఆడపిల్ల ఉరికింది. మునిసిపాలిటీలో కొత్తగ చేరిన ఇంజనీరు, బెజవాడ దిక్కు పిల్ల. బల్ల దిక్కు చూడనే లేదు. నిచ్చెన మీదికెల్లి గబగబ దిగి బొమ్మను రెండు చేతులతోటి పట్టుకున్నది. ఆమెను చూసి ఇంకిద్దరు దిగిన్రు. సారు మళ్ల సీటీ ఊదిండు.

"ముగ్గురూ సచ్చిపోయిన్రు. పైకొచ్చి గా యాపచెట్టు కింద వరుసగ పండుకోండ్రి."

మిగిలినోళ్లు పకపక నవ్విన్రు. ఒక పోలీసాయన, "మేడమ్‌కు ముందు దండెయ్యాలె, ఆమెనే ముందు పోయింది" అన్నడు. ఇంకొకాయన, "జర జరుగన్నా, శవానికి ఎండ తగులుతున్నది" అన్నడు. ఆ పిల్ల చెట్టు కింద పండుకొని ఆకాశం చూస్తున్నది. నా కత్తి ఆగిపోయింది. ఎవరూ నవ్వకుండ ఉంటే బాగుండు అనిపించింది.

మధ్యాహ్నం అందరూ తిని పోయిన్రు. ఆ పిల్ల పల్లెం ముందర పెట్టుకొని కూసున్నది. మెతుకు ముట్టలేదు.

"అన్నం ఏం పాపం చేసింది?" అన్న, అలవాటు కొద్ది గట్టిగనే.

"ఆకలి లేదు మామ్మగారూ" అన్నది. పల్లెం పక్కకు జరిపి, "నేనీ ఉద్యోగానికి పనికిరానండి. రేపు పొద్దున్నే వెళ్ళిపోతాను. రాజీనామా ఇచ్చేస్తాను. నిజంగా జరిగుంటే నాతో పాటు ఇంకో ఇద్దరు పోయేవాళ్ళు కదా" అన్నది.

పని నడుమ నేను ఎవరి పక్కన కూసునేదాన్ని కాదు. ఆ దినం కూసున్న. ఎందుకు చెప్పిన్నో తెలువది, మా పాతర సంగతి చెప్పిన.

నాకు అప్పుడు ఎనిమిదేండ్లు. ముందు దినం పొద్దుగాల్నే పాతర మూతి తీసి గాలికి విడిచిన్రు. సాయంత్రం చినుకులు పడితే గింజ తడుస్తదని మళ్ల బండ మూసి మెత్తిన్రు. తెల్లారి బండ తీసిన్రు. మా బాపు బండి కట్టడానికి పోయిండు. నాయనమ్మ ఈనిన బర్రె కాడ ఉన్నది. ఉన్నకాడి నుంచే నన్ను పిలిచి చెప్పింది: "కందిలి వెలిగించుకొని పో. నేనొచ్చి దించేదాక ఎవ్వరినీ దిగనియ్యకు."

నేను కందిలి పట్టుకొని పోయిన. ఇంకా వెలిగించలేదు, అక్కడికి పోయినంక వెలిగిద్దమనుకున్న. పాతర కాడ మా చిన్నబాపు ఉన్నడు. మా బాపు తమ్ముడు. ఇరవై ఏండ్లు నిండలేదు, ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించేటోడు. నా చేతిల కందిలి తీసుకొని చెవి కాడ పెట్టుకొని ఊపిండు. లోపల నూనె గుడగుడమన్నది.

"రెండు దినాల నూనె ఉన్నదే. పట్టపగలు కాలబెడుతవా? నిన్న పొద్దంత మూతి తెరిచే ఉండె గద. దాసుకో పో" అన్నడు. కందిలి మళ్ల నా చేతికిచ్చి నెత్తి నిమిరిండు.

పొదుపు చేసిన్నని నాకు సంతోషమైంది. వద్దు చిన్నబాపు అన్నా అయిపోతుండె. అనలేదు. ఆయన దిగిండు. కింది నుంచి "గంప" అన్నడు. మళ్ల ఇంకేదో అనబోయిండు, మాట సగంలనే తెగింది. తొంగి చూస్తే జొన్నల మీద తల ఆనించి నిద్రపోయినట్టు కనబడ్డడు.

నేను మొత్తుకుంటే మా బాపు ఉరికొచ్చిండు. తలగుడ్డ పారేసి రెండు కాళ్లు పాతరలో పెట్టిండు. అంతల నాయనమ్మ వచ్చింది. బాపు భుజాలు పట్టి ఎనక్కు ఒక్క గుంజు గుంజి, పాతర మూతి మీద తానే అడ్డంగ పడుకున్నది.

"లెవ్వే అవ్వా! తమ్ముడు సస్తడు!" అని బాపు ఏడ్సుకుంట ఆమె చెయ్యి పట్టి ఈడ్చిండు. రైక చినిగింది. మట్టిగడ్డ రాసుకొని మోచెయ్యి నెత్తురైంది. ఆమె కదల్లేదు.

"ఒకడు పోయిండు. నువ్వు దిగితే ఇద్దరు. మోకు తెండ్రి, గొంగడి తెండ్రి" అన్నది. అరవలేదు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతది.

మోకు రాంగనే లేచింది. నా చేతిల ఉన్న కందిలి గుంజుకొని, వెలిగించే ముందు గాజు ముట్టి చూసింది. గాజు సల్లగ ఉన్నది. ఒక్కసారి నా ముఖం చూసింది. వెలిగించి దించింది. సగం లోతుకు పోకముందే దీపం ఆరిపోయింది. అది చూసినంక మా బాపు ఈడ్చుడు మానిండు. గొంగడిని మోకుకు కట్టి పాతరలోకి జారవిడిచి, పైకి గుంజి, మళ్ల విడిచి, గాలిని కదిలించిన్రు. బిందెలతోటి నీళ్లు కుమ్మరించిన్రు. రెండోసారి దించితే దీపం వణికి ఆరింది. మూడోసారి నిలబడ్డది. అప్పుడు బాపు నడుముకు మోకు కట్టి, నలుగురు పట్టుకుంటే, దిగిండు. తమ్మున్ని పైకి తెచ్చిండు.

చిన్నబాపు బతకలేదు.

ఇక్కడిదాక చెప్పేసరికి ఆ పిల్ల నా చెయ్యి పట్టుకున్నది. "మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదా?" అని మెల్లగ అడిగింది.

అదే నేను ఎవరికీ చెప్పని మాట. ఊరి పెద్దమనిషి అందరి ముందర అడిగిండు, దీపం దించకుండ ఎట్ల దిగనిచ్చిన్రు అని. నేను నాయనమ్మ వెనక్కు పోయి దాక్కున్న. మా నాయనమ్మ కొడుకు తల ఒళ్లో పెట్టుకొని ఉన్నది. తల ఎత్తకుండనే, "నేనే మరిచిన" అన్నది.

అంతే. ఆ మాటతోటి నా తప్పు ఆమె మీదికి పోయింది. కన్నకొడుకు లోపలుంటే మూతికి అడ్డం పడుకున్న తల్లి అని ఒక పేరు. దీపం మరిచిన ముసలిది అని ఇంకొక పేరు. నీళ్లకు పోతే బాయికాడ ఆడోళ్లు గుసగుస పెట్టేటోళ్లు. ఆమె బిందె నింపుకొని వచ్చేది. ఆ రోజు అడ్డం పడుకోకపోతే మా బాపు కూడ ఉండేటోడు కాదని వాళ్లకు తెలువదా? తెలుసు. అయినా అన్నరు. నాకు ఎన్నో సార్లు చెప్పాలనిపించింది. నోరు తెరిస్తే ఆమె ఏదో ఒక పని చెప్పి పంపేది.

ఏడాది తిరిగింది. పాతర పూడుస్తనని బాపు అన్నడు. నాయనమ్మ పూడ్వనియ్యలేదు, తిండిగింజ ఎక్కడ దాస్తవన్నది. తీసే దినం వచ్చింది. ఆమె కందిలి నిండ నూనె పోసింది. అంత నూనె ఒక్కసారి పోయంగ నేనెన్నడూ చూడలేదు. వెలిగించి, అందరి ముందర నా చేతికిచ్చింది.

"నువ్వే దించు. నువ్వు చెప్పినంకనే మీ బాపు దిగుతడు" అన్నది.

తాడు మెల్లగ విడిచిన. అడుగుకు పోయేసరికి మంట సన్నగైంది. ఆగమన్న. తొమ్మిదేండ్ల పిల్ల ఆగమంటే నలుగురు మగోళ్లు, కట్టిన బండి, ఎడ్లు, అందరూ ఆగిన్రు. గొంగడి ఆడించి మళ్ల దించిన. మంట నిటారుగ నిలబడ్డది. నేను నాయనమ్మ దిక్కు చూసిన. ఆమె నా దిక్కు చూస్తలేదు. పాతర దిక్కే చూస్తున్నది. నేను చెప్తే వింటనన్నట్టు.

ఆ పిల్లకు ఇంతే చెప్పిన. నీతులు చెప్పుడు నాకు రాదు. పల్లెం ముందుకు జరిపి, సల్లారిపోయింది, తిను అన్న. తిన్నది.

తెల్లారి మళ్ల అదే సంపు, అదే బొమ్మ. సీటీ ఊదకముందే పోయి పెద్దసారుతోటి అన్న, ఆ గాలి పట్టే మిషను నిన్న ముందు దిగిన పిల్ల చేతికియ్యమని.

"నువ్వు పోయి వంట చూసుకో అవ్వా" అన్నడు.

"మొన్న పప్పుల ఉప్పు ఎక్కువైతే నా చేతిల గరిటె గుంజుకున్నవా సారూ?" అన్న. ఆయన పోయి మిషను ఆమె చేతిల పెట్టిండు.

సీటీ ఊదంగనే అందరూ ఉరికిన్రు. ఆమె సంపు మూతి కాడ నిలబడి రెండు చేతులు బార చాపింది. "మేడమ్, లోపల మనిషి పాణం పోతుంటే అడ్డమేంది, జరగండ్రి" అని నిన్నటి పోలీసాయన మీదమీదికి వచ్చిండు. ఆమె జరగలేదు. తాడు కట్టి మిషను దించింది. సారు దాన్ని ముందే ఎట్ల పెట్టిండో ఏమో, కుయ్‌కుయ్ అని మొత్తుకున్నది. పంకా పెట్టించి గాలి కొట్టించింది. మళ్ల దించింది. మిషను సప్పుడు చెయ్యలేదు. అప్పుడు ఒకాయన నడుముకు తాడు కట్టించి, "ఇప్పుడు దిగండి" అన్నది.

నా బొమ్మ పైకొచ్చింది. "ఇయ్యాల ఎవ్వరూ సావలేదు" అన్నడు సారు. ఆయన అంతకంటె ఎక్కువ మెచ్చుకోడు. ఆ పిల్ల శిక్షణ అయిపోయేదాక ఉన్నది.

సారుకు కూడ తర్వాత కందిలి సంగతి చెప్పిన. గట్టర్లల్ల, మోరీలల్ల మాత్రం దీపం దించొద్దవ్వా, అక్కడి గాలి భగ్గుమంటది, దానికి మిషనే కావాలె అన్నడు. తెలిసినాయన చెప్పిండు, ఒప్పుకున్న. నేర్సుకునుడుకు నాకింకా వయసున్నది.

మా నాయనమ్మ కందిలి నా దగ్గరనే ఉన్నది. గాజు మూడుసార్లు మార్చిన. ఇంట్ల నేను పొదుపు చెయ్యనిది ఏదీ లేదు, కొత్తిమీర కాడలు కూడ పారేయను. ఏడాదికోసారి మా ఇంటి నీళ్ల సంపు కడిగే దినం మాత్రం మూతి తీయించి, పొద్దంత గాలికి విడిచి, నడుముకు తాడు లేకుండ ఎవ్వరినీ దిగనియ్య. ముందు కందిలి దించుత. పట్టపగలు దీపమేందని మనుమలు నవ్వుతరు. నవ్వనీ. కందిలి చేతిల పట్టుకున్నప్పుడల్ల చెవి కాడ పెట్టుకొని నూనె ఎంతున్నదో ఒక్కసారి ఊపి చూడబుద్ధి అయితది. ఊపను. వెలిగిస్త.