జామచెట్టు కింద మందు

రెండేళ్ళ క్రితం ఫిబ్రవరి మూడు, శనివారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు నా పరువు పతనం ప్రారంభమైంది. పూర్తి కావడానికి పదహారు గంటలు కూడా పట్టలేదు.

నేను జనగామలో భూములు కొలిచే సర్వేయరును. గట్టు జానెడు జరిగినా పట్టుకోగలనని పేరు. అంతటివాణ్ణి ఒక్క మాటను తప్పుగా కొలిచి, మా అత్తగారి రెండు మోకాళ్ళనూ, ఆమె మొక్కునూ ఏ గతి పట్టించానో చదివి నవ్వుకోండి. నవ్వేవారిలో మీరు మొదటివారేం కారు. భూపాలపల్లిలో ఒక వీధి వీధంతా మీకంటే ముందే నవ్వింది.

ఆ శనివారం భార్య సుజాతతో కలిసి భూపాలపల్లిలో మా బామ్మర్ది రమేశ్ క్వార్టర్‌లో ఉన్నాను. రమేశ్‌ది బొగ్గుబాయిలో ఉద్యోగం. మందు పెట్టి బొగ్గును పేల్చే పని. ఆ ఉద్యోగం పర్మనెంటయితే కురవి వీరభద్రస్వామి గుడి చుట్టూ, ఒకరి భుజం పట్టుకోకుండా, తన కాళ్ళమీద మూడు ప్రదక్షిణలు చేస్తానని అత్తమ్మ మొక్కుకున్నది. ఉద్యోగం పర్మనెంటయింది. మోకాళ్ళు మాత్రం రిటైరయ్యాయి. శివరాత్రి ముప్పై నాలుగు రోజుల దూరంలో ఉంది. ఆమె చేతికర్ర లేకుండా వాకిలి కూడా దాటలేకపోతున్నది.

ఇక ఆ నాలుగు గంటల ఇరవై నిమిషాల సంగతి. టీవీలో పాత ఇంగ్లీషు సినిమా వస్తున్నది. నలుపు తెలుపుల బొమ్మ. యుద్ధకాలంలో బ్రిటన్ మీద పడి, పేలకుండా మట్టిలో దిగబడిన బాంబులను తవ్వి నిర్వీర్యం చేసే ఆఫీసర్ల కథ. ఒకాయన గుంటలో మోకరిల్లి, బాంబుకు స్టెతస్కోపు ఆనించి లోపలి గడియారం చప్పుడు వింటాడు. తాను చేసే ప్రతి పనినీ దూరాన ఉన్నవారికి ఫోనులో చెబుతూ రాయిస్తాడు; తాను పోయినా తరువాతి మనిషి అదే తప్పు చేయకూడదని. ఆహా! పని చేస్తూ రికార్డు రాయించే మనిషి! ముప్పై ఏళ్ళుగా డైరీ రాస్తున్న నాకు కళ్ళు చెమర్చాయి. నా వంటివాణ్ణి ప్రభుత్వం గట్లు కొలవడానికి వాడుకుంటున్నదే అని బాధపడుతూ పడుకున్నాను.

మరునాడు, ఆదివారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. రమేశ్ డ్యూటీకి బయలుదేరుతూ పెరట్లో నిలబడి ఫోనులో గుసగుసలాడుతున్నాడు.

"అన్నా, మందు జామచెట్టు కిందనే పాతిపెట్టినం. ఇంకారు రోజులున్నది. కదిలియ్యద్దన్నవు గదా, ఎవ్వలను దగ్గరికి రానిస్తలేం. ఎర్రగుడ్డ సుత కట్టిన. లే, లే, మా బావకు తెల్వది. తీసేనాడు నువ్వే రావాలె."

పాఠకులారా, మన భాష మీద నాకు పీకలదాకా కోపమున్నది. తలనొప్పి గోళీ మందే, పత్తి మీద కొట్టేది మందే, సీసాలో దొరికేది మందే, బండను పేల్చేదీ మందే. ఒకే సర్వే నంబరు మీద నలుగురికి పట్టాలిచ్చిన చందం! బాయిలో మందు పేల్చేవాడు పెరట్లో మందు పాతిపెట్టానంటే మీరైనా ఏమనుకుంటారు? "జ్వరం గోళీలేమో" అనుకుంటారా?

అడుగుదామని బయటకు వచ్చేసరికి రమేశ్ బండి మలుపు తిరిగింది. గనిలోకి ఫోను పోనివ్వరు. పోలీసులకు చెబితే బామ్మర్ది ఉద్యోగం, ఆ వెంటనే బామ్మర్ది, రెండూ లోపలికి పోతాయి. కాబట్టి ఆ మందును నేనే రహస్యంగా తీసి, నీళ్ళలో ముంచి, నిర్వీర్యం చేయాలి. అనుభవం? నిన్న సాయంత్రమే రెండు గంటలు సంపాదించాను.

ముందుగా ఆడవాళ్ళను ఖాళీ చేయించాలి.

"అత్తమ్మా, పెరట్ల పామున్నది. మీరిద్దరు ఎదురింటికి పోండి."

"పామా? ఏడ, కొడుకా?"

"జామచెట్టు కింద. తవ్వి తీస్తా."

అత్తమ్మ మొహం పాలిపోయింది. "వద్దు వద్దు! పామునన్న ఉండనియ్యి, గాడ మాత్రం తవ్వకు!"

"ఎందుకు?"

"ఎందుకంటే చెప్పద్దు."

అంటే కుట్రలో అత్తమ్మ కూడా ఉన్నదన్నమాట! తవ్వనని ఒట్టు పెట్టి (అది అబద్ధమని డైరీలో రాసే ఉంది), ఎదురింటి రాజలింగం కాక అరుగు మీద ఇద్దరినీ కూర్చోబెట్టి వచ్చాను. అత్తమ్మకు బీపీ చూసే స్టెతస్కోపు మెడలో వేసుకుని, జామచెట్టు కింద ఎర్రగుడ్డ దగ్గర బోర్లా పడుకుని, సుజాతకు ఫోను కలిపాను.

"నేను ఏం చేస్తున్నానో ప్రతి అడుగూ చెబుతాను. టైముతో సహా రాసుకో."

"పామును వట్టుడు రాసుడెందుకయ్యా?"

"నాకేమన్నా అయితే తరువాతి మనిషికి తెలియాలి."

"తరువాతి మనిషెవడు? నాకు నువ్వొక్కనివే సాలు, పరేషాన్ జెయ్యకు."

మట్టికి స్టెతస్కోపు ఆనించాను. బుడుక్! నాలుగు సెకన్లకు మళ్ళీ బుడుక్! సినిమాలోని బాంబు టిక్కుటిక్కుమన్నది, ఇది బుడుక్కుమంటున్నది. ప్రాంతీయ భేదమని సరిపెట్టుకున్నాను. వంటింటి గరిటెతో అంగుళం అంగుళం మట్టి తీశాను. ఈలోగా పాము వార్త వీధంతా పాకింది. కట్టెలు పట్టుకుని పదిమంది పిట్టగోడ మీదికి ఎక్కారు.

"సారూ, పామును కట్టెతోని కొడతరు. నువ్వేంది, దానికి నాడి జూస్తున్నవ్?"

"దానికి సుత బీపీ ఉన్నదేమో తియ్యి!"

ఇట్లాంటి మూఢుల నడుమ దేశసేవ ఎంత కష్టం! పళ్ళు కొరుక్కుంటూ తవ్వాను. జానెడు లోతున ఒక చిన్న మట్టి గురిగి మూతి కనబడింది. మూత పెట్టి, గుడ్డ కప్పి, మట్టి మెత్తి, చుట్టూ రెండు తీగలు బిగించి ఉన్నాయి. ఒకటి పసుపు. ఒకటి నలుపు. నా గుండె బుడుక్కుమన్నది. ఏ తీగ తెంచాలో సినిమాలో చూపే వేళకే, ఖర్మ, సుజాత చాయ్ తెచ్చి అడ్డంగా నిలబడింది. కాబట్టి ఆ నిర్ణయం ఆమె చేయడమే న్యాయం.

"సుజాతా, జాగ్రత్తగా ఆలోచించి చెప్పు. పసుపా, నలుపా?"

"శివరాత్రికా?"

"ఏదో ఒకటి, తొందరగా చెప్పు!"

"గుడికి నల్లది ఎవ్వలన్న కడతరా అయ్యా? పసుపే."

ఏడు గంటల యాభై మూడు నిమిషాలకు పసుపు తెంచాను.

ఢాం!

మూత జామకొమ్మకు కొట్టుకుని రెండు కాయలను రాల్చింది. నల్లని, జిగట పానకమొకటి నిలువెత్తు లేచి, నా మీసాల నుండి మోకాళ్ళ దాకా అభిషేకం చేసింది. బెల్లం, మిరియాలు, ఇంకా పేరు తెలియని ఆకుల వాసన. నేను చచ్చిపోలేదని గ్రహించడానికి కొంత సమయం పట్టింది. ఎదురుగా వస్తున్నదాన్ని చూశాక, ఎందుకు చావలేదా అనిపించింది.

అత్తమ్మ వస్తున్నది. నడిచి కాదు, ఉరుకుతూ! చేతికర్ర చేతిలోనే ఉంది కానీ నేలకు ఒక్కసారైనా తగలడం లేదు. దానికి వేరే గమ్యం ఉంది.

"ఏం జేసినవ్ అల్లుడా! ముప్పై అయిదు రోజులు కోడిపిల్ల తొక్కకుంట కాపాడిన మందు!"

"అత్తమ్మా, మందంటే... పేలే మందు కాదా?"

"నా మోకాళ్ళ మందు! చిట్యాల అవ్వ కట్టిచ్చిన పసరుమందు! నలభై ఒక్క రోజులు మట్టిల మాగాలె, పరాయోళ్ళ చెవుల వడద్దన్నది. మాగే మందు పొంగుతది గదా! పొంగేదాని మూతి ఇప్పుతరా ఎవ్వలన్న?"

రమేశ్ ఫోనులో గుసగుసలాడింది ఆ అవ్వ కొడుకుతోనట.

రాజలింగం కాక తెగిన పసుపు దారాన్ని ఎత్తి పరీక్షించాడు. "ముప్పై ఏండ్లు బాయిల మందు పేల్చిన. దిష్టిదారం గట్టిన బాంబును గిప్పుడే జూస్తున్న." అని గోడ పట్టుకుని కూలబడి నవ్వాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినవారు అదృష్టవంతులు. నేను కుండను తవ్వి అత్తకు పట్టుబడ్డాను.

మళ్ళీ మాగబెట్టాలంటే ఇంకో నలభై ఒక్క రోజులు కావాలన్నది చిట్యాల అవ్వ. శివరాత్రి అంతదాకా ఆగదు. ఉరికిన పుణ్యానికి ఆ సాయంత్రానికే అత్తమ్మ మోకాళ్ళు గుమ్మడికాయలయ్యాయి.

శివరాత్రినాడు కురవిలో ఆమె నా భుజం పట్టుకునే మూడు ప్రదక్షిణలూ చేసింది. మొదటి అడుగుకు ముందు దేవునికి చేతులు జోడించి గట్టిగా చెప్పింది: "తండ్రీ, ఒంటిగ తిరుగుత అన్న. గీ అల్లుడు నా మందు పేల్చిండు. అందుకే గీయన భుజం వట్టుకుంటున్న. పాపముంటే గీయన లెక్కలనే రాసుకో." దారిలో "కాళ్ళకేమైందవ్వా?" అని అడిగిన ప్రతి భక్తునికీ ఆగి మరీ నన్ను చూపించింది. "గీయనే. బాంబులు తీస్తడు." పదిహేను నిమిషాల ప్రదక్షిణలకు గంటా పది నిమిషాలు పట్టింది.

కావున, వీరభద్రస్వామి సాక్షిగా, రాజలింగం కాక ప్రతిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా ప్రాణమున్నంతవరకు ఎవరు "మందు" అన్నా, "ఏ మందు?" అని అడగకుండా గరిటె ముట్టను. బ్రిటన్ వారి బాంబులు బ్రిటన్ వారే తీసుకుందురు గాక.

పోయినవి: గురిగెడు మందు, ముప్పై అయిదు రోజుల మాగుడు, ఒక చొక్కా, రెండు జామకాయలు, ఒంటరిగా తిరుగుతానన్న మొక్కులో సగం, అల్లుడి మర్యాద మొత్తం.

మిగిలినవి: రమేశ్ ఉద్యోగం. గురిగి అడుగున గ్లాసున్నర పచ్చిమందు. చేతికర్ర నేలకు ఆనకుండా అత్తమ్మ ఉరికిన దూరం, మరునాడు టేపు పెట్టి కొలిచాను, ఇరవై ఆరు మీటర్లు. సుజాత రాసిన రికార్డు, యథాతథంగా: "7.52. పసుపా నలుపా అన్నడు. పసుపన్న. 7.53. ఢాం. చీర ఇంక కొనలే."