రెజిస్ ఫోషరే చేతిరాత

రెజిస్ ఫోషరేకి జేబులో పెన్ను పెట్టుకునే అలవాటు లేదు. ఆ సంగతి నలుగురికీ చెప్పుకుని గొప్పలు పోయే అలవాటు మాత్రం ఉండేది. మా ఊరి మునిసిపాలిటీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం ఆయనది, అంతకుమించి ఏమీ కాదు. మాట్లాడితే మాత్రం, కాగితాన్ని ఫ్రాన్సు దేశం నుంచి తరిమేసే పని ప్రభుత్వం తనకే అప్పజెప్పినట్టు మాట్లాడేవాడు.

ఒకసారి మా ఊరి బడికి పనిగట్టుకుని వెళ్లాడు. సిరా పెన్నుతో కలిపిరాత కుదురుగా రాసిన చిన్నపిల్లలకి అక్కడి పంతులమ్మ 'పెన్ను లైసెన్సు' అని ఓ అట్టముక్క ఇస్తుంది. సరిగ్గా ఆ అట్టలు పంచే రోజునే వెళ్లి, "ఇంకో పదేళ్లకి వీటితో మీకు పనుండదు పిల్లలూ" అని చెప్పి వచ్చాడు. ఏడేళ్ల పిల్లల సంతోషం మీద నీళ్లు పోయడానికి ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్లిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఇదంతా ఏదో సిద్ధాంతం అనుకుని ఊళ్లో కొందరు ఆయన్ని గౌరవించారు. సిద్ధాంతమూ లేదు, చట్టుబండలూ లేవు. ఆయన అక్షరాలు కోడిగీతలు. అవి బయటపడకుండా ఇంత హంగామా.

ఆయనింట్లో రాతపనంతా సొలాంజ్‌ది. ఇరవై ఒక్క ఏళ్లు ఆయనతో కాపురం చేసింది. పెళ్లి చేసుకోలేదు, మా దగ్గర అదేమీ వింత కాదు. సొలాంజ్, నేను ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. జనవరిలో ఆయన పేరుమీద వెళ్లే కొత్త సంవత్సరం కార్డులు డెబ్బైకి తక్కువుండవు, అన్నీ ఆమే కూర్చుని రాసేది. చివర్న ఆయన సంతకం గీకేవాడు. ఓసారి రొట్టెల కొట్టు ఆవిడ, "కంప్యూటర్ మనిషై ఉండి కూడా ముత్యాల్లాంటి అక్షరాలండీ మీవి" అని మెచ్చుకుంది. కాదనలేదు. తలాడించి, రొట్టె చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను వెనకే వరసలో ఉన్నాను.

నేను నోటరీ ఆఫీసులో గుమాస్తాని. వీలునామాలు, ఇళ్ల దస్తావేజులు మా పని. గుండెకి ఆపరేషన్ అయ్యాక ఆయనకి సొలాంజ్ గుర్తొచ్చింది. ఇల్లు ఆయన పేరున ఉంది. పెళ్లి కాలేదు గనక చట్టం దృష్టిలో ఆమె ఆయనకి ఏమీ కాదు. వీలునామా లేకపోతే ఇల్లు బోర్దోలో ఉండే అన్నకొడుకు లుదొవిక్‌కి పోతుంది, సొలాంజ్ బయటికి నడవాలి. అందుకని ఒక వీలునామా పట్టుకొచ్చాడు. టైపు చేసి, ప్రింటు తీసి, పైన నీలం అట్ట వేసి.

"ఇది చెల్లదండీ," అన్నాను. "మొదటి అక్షరం నుంచి చివరిదాకా చేత్తో, మీరే రాయాలి. తేదీ వేసి సంతకం పెట్టాలి. నాలుగు లైన్లు చాలు."

"చేత్తోనా? ఏ కాలంలో ఉన్నారు మేడమ్ మీరు?"

"చట్టం ఏ కాలంలో ఉందో అందులోనే. రాయడం ఇష్టం లేకపోతే నోటరీ గారికి నోటితో చెప్పండి. సాక్షుల్ని పిలిపిస్తాం."

"నా ఇంటి సంగతులు ఊళ్లోవాళ్ల ముందు చెప్పుకోవాలా? మీ ఆఫీసుని మ్యూజియం చేసి టిక్కెట్లు అమ్ముకోండి, బాగుంటుంది."

"అమ్ముతాం. ముందు మిమ్మల్నే నిలబెడతాం అందులో. పెన్ను పట్టుకోవడం రాని పెద్దమనిషి అని బోర్డు పెట్టి."

ఆయన మొహం కందిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నందుకు ఆ రోజంతా నాకు హాయిగా ఉన్నమాట కూడా నిజమే.

పదిరోజుల తర్వాత అంటించిన కవరు ఒకటి తెచ్చి నా బల్ల మీద పడేశాడు. "ఇదిగో, చేతిరాతే. సంతోషమా?" మామూలుగా అయితే తెరిచి ఒకసారి చూపించమని అడుగుతాం. ఆ మొహాన్ని ఇంకో అయిదు నిమిషాలు చూడబుద్ధి కాలేదు నాకు. రసీదు ఇచ్చి, కవరు బీరువాలో పెట్టేశాను.

మార్చిలో ఆయన పోయాడు. సొలాంజ్, లుదొవిక్ ఎదురుగా కూర్చుని ఉండగా నోటరీ గారు కవరు చించారు. నేను పక్కనుంచి కాగితం చూశాను. ఒక్క చూపు చాలింది. 'నా ఇల్లు సొలాంజ్ మోపుయికి చెందాలి' అని ఉంది, సొలాంజ్ అక్షరాల్లో. గుండ్రంగా, కాస్త కుడికి వాలి, బడిలో నేను చూసి రాసుకున్న అక్షరాలు. కింద సంతకం ఒక్కటే ఆయనది.

చేత్తో రాయాలన్న ముక్క మాత్రం చెవికెక్కించుకున్నాడు. ఎవరి చెయ్యి అన్నది ఆయన ఏనాడూ పట్టించుకుంటే గదా. ఆ రోజు కవరు తెరవమని నేను ఒక్కమాట అనుంటే అక్కడే కూర్చోబెట్టి రాయించేదాన్ని. ఆయన మీద నా రోత ఆయనకేమీ చెయ్యలేదు, ఆమెకి చేసింది.

వీలునామా చెల్లదని నోటరీ గారు మెల్లగా చెప్పారు. లుదొవిక్, "నేనేం చెయ్యనండీ, చట్టం అలా ఉంది మరి" అంటూనే ఫోన్ తీసి, ఇల్లు అమ్మిపెట్టేవాళ్లెవరికో మెసేజ్ కొట్టుకుంటూ వరండాలోకి పోయాడు. బాబాయికి తగ్గ అబ్బాయి.

సొలాంజ్ కాగితం వంకే చూస్తూ కూర్చుంది.

"తప్పు రాశానా ఒడీల్?" అంది.

"తప్పేం లేదే. ఆయన రాయాల్సింది."

"నాలుగు లైన్లేగా?"

"నాలుగే."

"ఆవేళ నా వేళ్లు వాచి ఉన్నాయి. ఈ ఒక్కటీ నువ్వే రాసుకోరాదా అన్నాను." ఆమె కాగితాన్ని నా వైపు జరిపింది. "నీ రాత బాగుంటుంది, కానియ్ అన్నాడు."