మాట్లాడనివారి గడి

దుమ్ముగూడెంలో మా సార్ కన్నుమూశారని మంగళవారం ఉదయం ఫోన్ వచ్చింది. ఆయన అడిగిన ఒక ప్రశ్నకు నేను అప్పటికీ జవాబు చెప్పలేదు.

సార్ రాజనీతిశాస్త్ర అధ్యాపకులుగా పదవీ విరమణ పొంది, పిహెచ్.డి. చేసేవారికి తమ ఇంటి వసారాలో పరిశోధనా పద్ధతులు చెప్పేవారు. అశ్వారావుపేటలో స్టోర్ గుమాస్తాగా ఉంటూ, కాలేజీ మెట్లెక్కకుండానే ఎం.ఏ. ప్రైవేటుగా కట్టి, నలభై దాటాక పరిశోధనలో చేరిన నన్ను కూడా ఆ వసారా చాప మీదే కూర్చోబెట్టుకున్నారు.

మేం రాసినది మాచేతనే చదివించి, కళ్ళు మూసుకొని వినేవారు. వాక్యానికొకసారి ఆపేవారు. "చూసినవా, విన్నవా, అనుకున్నవా?" జవాబును బట్టి పక్కన చూ, వి, అ అని పెన్సిలుతో గుర్తు పెట్టాలి. నా మొదటి అధ్యాయం నిండా 'అ'లే. "ఒకటో తరగతి పలక లెక్కున్నదయ్యా" అని నవ్వారు.

నా విషయం సమ్మతి. ప్రజలు ప్రభుత్వానికి ఒప్పుదల ఇచ్చినట్టు ఎప్పుడు చెప్పగలం? ఒక గూడెంలో కాలువకు భూములు ఇవ్వడం గురించి పెట్టిన గ్రామసభకు వెళ్ళి పట్టిక గీశాను. మాట్లాడనివారందరినీ ఒప్పుకున్నవారి గడిలో చేర్చాను.

"నోరిప్పనోళ్ళంత ఒప్పుకున్నట్టేనా?"

"మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, సార్."

"అనేదెవరు? అడిగినోళ్ళు. నడువు, పోయి అడుగుదాం."

మండుటెండలో నా మోటారుసైకిలు వెనక కూర్చొని వచ్చారు. గూడెం పెద్ద నా పట్టిక విని నవ్వాడు. "ఆఫీసరు కుర్చీల కూసున్నడు, మేం కింద కూసున్నం. గట్ల కూసున్న కాడ మేం మాట ఇయ్యం సారూ. ఇంటికొచ్చి అడిగితే వద్దంటుంటిమి. ఎవ్వరు రాలే."

తిరుగు దారిలో సార్ ఒక చెట్టు కింద బండి ఆపించారు. తరువాత మెల్లగా అన్నారు: "నా థీసిస్‌ల గూడ గిదే తప్పున్నది. ఎవ్వరు పట్టలే. దాంతోనే డాక్టరునైన. నువ్వు ఫుట్‌నోట్ రాయి. నా పేరు పెట్టి రాయి."

గురువు తప్పును అచ్చులో పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఆయన మంచం పట్టాక, వెళ్ళినప్పుడల్లా "రాసినవా?" అనేవారు. నేను తరువాతి పుట తీసేవాణ్ణి. చివరిసారి చెయ్యి పట్టుకున్నారు. "రాస్తనంటవా, రాయనంటవా? ఏదో ఒకటి నోటితోని చెప్పు." మందులు వేళకు వేసుకోమని చెప్పి లేచి వచ్చాను.

గోదావరి ఒడ్డున దహనం ముగిసిన మూడోనాడు ఆ ఫుట్‌నోట్ రాశాను. ఆయన పేరు, థీసిస్ పేరు, పుట, తప్పు. నాలుగు వాక్యాలు. సార్ ఇంటికి వెళ్ళి, ఆయన భార్య అమ్మగారి ఎదుట కూర్చొని చదివాను. ఆమె చివరిదాకా విన్నారు.

"ఆయన ఉన్నప్పుడు రాస్తే ఏమయితుండె, నాయనా?"

ఆమె లేచి, దండెం మీద ఆరిన సార్ ధోవతి తీశారు. ఇద్దరూ చెరో కొస పట్టి మడిచే అంత పొడవు బట్టను ఒంటరిగా మడవడం రాక, అంచులు కలవక, మడిచినదాన్ని విప్పి మళ్ళీ మడవసాగారు.