ట్యాంకు కోసం పోసిన గుట్ట

నేల పరీక్ష చేసి పునాది ఎట్లుండాల్నో చెప్పుడు నా పని. సిద్దిపేట అవతల ఒక పటేలు తవుడు నూనె మిల్లు పెట్టిండు. పెద్ద ట్యాంకుకు మిగిలిన జాగ ఒక్కటే, పాత కుంట అడుగు. పైన గట్టిగ కనవడ్తది, కిందంత మెత్తటి బంకమట్టి. మొదటినాడే నా చెప్పొకటి అండ్ల దిగవడ్డది. తర్వాత రాయపోల్‌ల ఎవలో బోరేస్తె గా చెప్పు బయటికొచ్చింది.

"లోతుగ కాంక్రీటు పైళ్లు దింపుడు అక్కర్లేదు పటేలా. నిండిన ట్యాంకు కంటె బరువుండేటట్టు ముందుగాల మట్టి కుప్ప పోద్దాం. ఆ బరువుకు బంకమట్టిల నీళ్లు పిండుకపోయి నేల దిగుతది, గట్టివడ్తది. దిగుడు ఆగినంక కుప్ప తీసి ట్యాంకు కట్టు" అన్న.

"ఇది కథనా, లెక్కనా?"

"లెక్కనే."

"ట్యాంకు ఒరిగిందనుకో, నీకు పనియ్యొద్దని జిల్లంత నేనే తిరిగి చెప్త."

పక్కన చెరువుల పూడిక తీస్తున్నరు. ఆ మట్టే తెప్పించి గుట్ట పోయించిన. మబ్బులు దాని చుట్టు తిరిగి పోయేటియి. కింద ఇనుప పలక పెట్టి, దానికి రాడు నిలవెట్టి, నేల ఎంత దిగుతుందో రోజు చూస్తుంటి. లెక్క కంటె చాన ముందే దిగుడు ఆగింది. సంబురంతోని గుట్ట వెనకకు పోయి చూద్దును గద, సగం లేదు! ఒక ముసలవ్వ ట్రాక్టరుకు మట్టి ఎత్తిపిస్తుంది.

"ఎవలిదే అవ్వా గీ మట్టి?"

"చెరువుది బిడ్డా. చేన్ల పోస్తె పంటొస్తది. నువ్వు గీడ కుప్పవోసి ఊకెనే ఎండవెట్టినవు. ఏంది, మిల్లోళ్లు మట్టి తింటరా?"

నాకు బరువు కనవడ్డ కాడ రైతులకు పంట కనవడ్డది. బెదిరిద్దామని, గుట్టల ఏడు తలల పామున్నదన్న.

"మా చేన్ల ఎలకలు బాగైనయి. దాన్ని సుత ఎక్కియ్యి" అన్నది.

ఇగ కథ బంద్ వెట్టి బేరం మొదలువెట్టిన. "ఒక ట్రాక్టరు మొరం తెచ్చి పొయ్యి, ఒక ట్రాక్టరు మట్టి తీస్కపో."

తెల్లారేసరికి ట్రాక్టర్ల లైను అక్కన్నపేట దాంక నిలవడ్డది. చెరువు మట్టి కంటె మొరం బరువాయె, రాడు మల్ల దిగుడు షురువైంది. లెక్క చెప్పిన కాడికి దిగి, అప్పుడు ఆగింది.

గుట్ట తీసి ట్యాంకు కట్టినంక, నూనెకు ముందు నీళ్లు నింపి చూస్తరు. ఒక్కసారి కాదు, కొంచెం కొంచెం. ఒరుగుతదేమోనని పటేలు దారానికి గుండు కట్టుకొని ట్యాంకు చుట్టు తిరుగుడే తిరుగుడు. నిండేనాడు రైతులందరు వచ్చిన్రు. అంచు దాంక నిండింది. చుట్టు కొలిస్తె నేల అంతట ఒక్కతీరుగ బొటనవేలంత దిగింది, ఏ పక్కకు ఒరగలే. అవ్వ ఈలేసింది!

పటేలు మాట తప్పలే, జిల్లంత తిరిగి చెప్తుండు. మొన్న ఒక దావత్‌ల నలుగురిని కూసోవెట్టి, "గుట్ట ఎత్తుకు మబ్బులు చుట్టు తిరిగి పోయేటియి" అంటుండు. నన్ను చూసి, "అవునా కాదా ఇంజినీరు సాబ్?" అన్నడు.

"తక్కువ చెప్తున్నవు పటేలా" అన్న.