లక్ష్మమ్మ వాళ్ళమ్మ పేరు

2023 ఎండాకాలం. మియాపూర్ మెట్రో స్టేషన్ పక్క సందులో మా ఆఫీసు. నేను లాయర్ని. కోర్టు మెట్లెక్కేది తక్కువ, భూముల కాగితాలు చూసి హక్కు ఎవరిదో తేల్చి చెప్పేది ఎక్కువ. అమ్మకానికి ముందు ఆ ఇంటి ఫ్యామిలీ ట్రీ గీస్తాం. తాత, ఆయన భార్య, పిల్లలు, వాళ్ళ పిల్లలు, తలా ఒక గడి.

ఆ రోజు నల్లగండ్ల పాత ఊరివాళ్ళు వచ్చారు. అన్నదమ్ములిద్దరు, వాళ్ళ అక్క లక్ష్మమ్మ. డెబ్భై దాటిన మనిషి. నేను గీసింది చదివి వినిపించాను. తండ్రి మల్లయ్య, భార్య ఎల్లమ్మ, పిల్లలు ముగ్గురు.

లక్ష్మమ్మ ఆపింది. "గామె మా చిన్నమ్మ. మా అమ్మ ఏది మేడమ్?"

తమ్ముళ్ళు చెప్పుకొచ్చారు. లక్ష్మమ్మని కన్న కొన్నాళ్ళకే తల్లి పోయిందట. మల్లయ్య ఎల్లమ్మని చేసుకున్నాడు. మొదటావిడ పుట్టింటివాళ్ళు బతుకుతెరువుకి ఎటో వెళ్ళిపోయారు. ఇంట్లో ఎప్పుడైనా "పెద్దామె" అనుకోవడమే తప్ప, పేరు వీళ్ళెవరికీ తెలీదు.

"పేరు లేకపోయినా పని ఆగదులెండి, మొదటి భార్య అని రాసేస్తాను," అన్నాను.

"నీ పని ఆగదు, నాది ఆగుతది. పెత్రమాసకు పెద్దలకు బియ్యం ఇస్తం గద, ఎవరి పేరున అని అడుగుతడు అయ్యగారు. ఏటేటా నోరు మూసుకొని కూసుంట. ఆమెకు నేనొక్కదాన్నే. జర ఎతికి పెట్టు, నీ కాల్మొక్త."

అంత మాటన్నాక ఎలా కాదంటాను?

"మరి ఎల్లమ్మగారు ఉన్నారు కదండీ, ఆవిణ్ణే అడగొచ్చుగా?" అన్నాను. ఎల్లమ్మ అప్పటికి మణికొండలో చిన్నకొడుకు దగ్గర ఉంటోంది.

"అయ్యో, సవతి ముచ్చట ఆమె ముంగట ఎట్ల తీస్తం? నన్ను కడుపుల పెట్టుకొని సాదింది. మనసు కష్టపెట్టుకోదా?"

తమ్ముళ్ళూ వద్దంటే వద్దన్నారు. వాళ్ళింటి మర్యాద వాళ్ళది, నేనెవర్ని అని ఊరుకున్నాను.

పాత పహాణీలు తీయించాను. ఏ పొలం ఎవరి సాగులో ఉందో ఏటా రాసే రికార్డు అది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ తీయించాను. దాంట్లో అమ్మకాలు, తాకట్లు ఉంటాయి. మల్లయ్య ఉన్నాడు, ఆయన తండ్రి ఉన్నాడు, ఆఖరికి బావి కూడా ఉంది. ఆవిడ లేదు. ఛీ, ఏం రికార్డులండీ! పేరున భూమి లేని ఆడది అసలు పుట్టనట్టే. అలా ఏడాది పైనే గడిచింది.

ఇక వెతకడానికేమీ మిగల్లేదు. "నేనడుగుతాను, ఆవిడ తిడితే నన్నే తిడుతుంది," అని లక్ష్మమ్మని ఒప్పించి మణికొండ తీసుకెళ్ళాను. ఎల్లమ్మ మంచమ్మీద కూర్చుని ఉంది.

"కాగితాలకి కావాలండీ. మల్లయ్యగారి మొదటి భార్య పేరేంటి?"

ముసలావిడ జాకెట్లోంచి నల్లదారం పైకి లాగింది. దానికి చిన్న బంగారు బిళ్ళ. రెండో భార్యగా వచ్చినవాళ్ళు, పోయిన మొదటావిడ పేరున మెళ్ళో కట్టుకునే సవతి పుస్తె.

"గిదే మా అక్క. మీ నాయన పోయిన్నాడు నా పుస్తె తీసిండ్రు. గామెది తియ్యనియ్యలే."

లక్ష్మమ్మ వంగి ఆ బిళ్ళ పట్టుకుంది. "పేరేందే చిన్నమ్మా?"

ఎల్లమ్మ పెదాలు కదిలాయి, ఆగాయి. మళ్ళీ కదిలాయి. "రోజు పొద్దుగాల పేరు వెట్టి మొక్కుతుంటి బిడ్డా. మొన్న సలికాలం దవాఖానల పడ్డకాంచి అన్ని మరుస్తున్న. నోటిదాంక వస్తలేదు. ముందుగాల అడగకపోతివి?"

"నీకు బాధయితదని..."

"నాకెందుకు బాధ? ఒక్కరన్న అడుగుతరేమో అని సూసిన."

"పోనీ, ఎట్లుండేదో అదన్న చెప్పు."

"నేనెప్పుడు సూసిన? నేనొచ్చేటాల్లకే పాయె. నా కాడ ఉన్నదొక్క పేరే."

లక్ష్మమ్మ మా ఆఫీసుకొచ్చిన రోజే ఆటో ఎక్కి ఉంటే పేరు దొరికేది. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఇంట్లో పెద్దవాళ్ళెవరని అడుగుతాను, మొహమాటపడితే కసురుతాను కూడా. కాగితాలు ఎక్కడికీ పోవు.

ఆ ఏడు పెత్రమాస నాడు లక్ష్మమ్మ ఫోన్ చేసింది.

"బియ్యం ఇచ్చిన మేడమ్. ఎవరి పేరున అన్నడు అయ్యగారు. మా అమ్మ అన్న. అమ్మకు పేరు లేదా అన్నడు. ఉండె, మేమే అడగలే అన్న."