బౌన్సర్ దొరకని రాజు

డాలస్ నుంచి అయోవా వెళ్లే విమానంలో నా పక్కసీటు పెద్దావిడ పుట్టింది డెన్మార్క్‌లోనట. పలకరించి ఊరుకోవచ్చుగా! మొన్న డాలస్ పక్కనున్న ప్లేనోకి ఇండియా నుంచి మా ఎమ్మెల్యేగారు వచ్చినప్పుడు మేం చేసిన కార్ ర్యాలీ వీడియో ఫోన్‌లో చూపించాను. ఎనభై కార్లు, ప్రతి బానెట్ మీదా పార్టీ జెండా, కిరాణా షాపు పార్కింగ్‌లో దిగిన ఆయన చుట్టూ నల్లకళ్లద్దాల బౌన్సర్లు. డ్రోన్‌తో తీసింది నేనే అని కూడా చెప్పుకున్నాను.

ఆవిడ తమ రాజు సంగతి ఎత్తింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం దేశాన్ని ఆక్రమించుకున్నా ఆయన పారిపోలేదట. రోజూ పొద్దున్నే గుర్రమెక్కి, వెంట ఒక్క కాపలావాడైనా లేకుండా, శత్రు సైనికులు తిరిగే వీధుల్లోంచే వెళ్లేవాడట. వాళ్లు సెల్యూట్ కొడితే చూడనట్టే పోయేవాడట. జనం పలకరిస్తే మాత్రం తిరిగి పలకరించేవాడట. ఈ పెద్దావిడ వాళ్లమ్మ చిన్నప్పుడు సైకిల్ మీద ఆయన వెనకాలే వెళ్లేదట.

"పాపం, ఒక్క బౌన్సర్ కూడా దొరకలేదా?" అన్నాను. జోకనుకుని నవ్వింది. నేను సీరియస్‌గానే అడిగాను.

ఆవిడ నా ఫోన్ తీసుకుని వీడియో మళ్లీ మొత్తం చూసింది. ఎంతో జాలిగా, "ఇప్పుడు మీ దేశాన్ని ఎవరు ఆక్రమించుకున్నారు?" అంది.

"ఎవరూ లేరండీ. ఆయన్ని మేమే ఓట్లేసి గెలిపించుకున్నాం."

ఆవిడ తన బిస్కెట్ల ప్యాకెట్ కూడా నాకే ఇచ్చేసింది.